తోక లేని కారు

పోయిన వారం మనం కోదాడ కాలేజీ వర్క్‌షాప్ గుమ్మం దగ్గర ఆగాం. రేకు పని చేసే బిక్షపతి సుత్తులూ కత్తెరలూ సంచిలో వేసుకుని, ఎవరి మొహమూ చూడకుండా గరిడేపల్లి బస్సెక్కి వెళ్ళిపోయాడు. ఎందుకు వెళ్ళాడో చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను.

శ్రీధర్ ఆ కాలేజీలో మెకానికల్ లెక్చరర్. మూడో సంవత్సరం పిల్లలతో కలిసి ఒక్క మనిషి కూర్చునే బ్యాటరీ కారు తయారు చేయించాడు. ఒక్క చార్జింగుతో వంద కిలోమీటర్లు నడిస్తే పోటీకి తీసుకుంటారు. కారు బొమ్మ గీసింది శ్రీధర్, రేకు తొడిగింది బిక్షపతి, ఖర్చు భరించింది శ్రీధర్ మేనమామ రాంచందర్. ఆయనకు మిర్యాలగూడలో రైస్ మిల్లు ఉంది. ఆయన ముందు, ప్రిన్సిపాల్ ముందు నడిపి చూస్తే కారు అరవై ఒకటో కిలోమీటరు దగ్గర చతికిలబడింది. ఏమైందిరా అని మామ అడిగాడు. డిజైన్ సరిగ్గానే ఉంది, రేకు పనే బాగాలేదు, ఆ సొట్టలకు గాలి తగులుకుంటోంది అన్నాడు శ్రీధర్. అంటూ కారు ఎడమ పక్కన అరచేయంత సొట్ట మీద వేలు పెట్టి చూపించాడు. బిక్షపతి అక్కడే నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు.

అది జరిగి ఎనిమిది రోజులైంది. పోటీవాళ్ళు ఇంకొక్క అవకాశం ఇచ్చారు. దానికి పన్నెండు రోజులు మిగిలాయి.

సూర్యాపేట దాటాక హైవే మీది నుంచి కొంచెం లోపలికి పోతే ఒక వెంచర్ ఉంది. పెద్ద ఆర్చి కట్టారు, నున్నటి తారు రోడ్లు వేశారు, ప్లాటు ప్లాటుకూ తెల్లరాళ్ళు పాతారు, ఇల్లు మాత్రం ఒక్కటీ లేవలేదు. ఆదివారం పొద్దున ఏడింటికి అక్కడ మేకలు తప్ప ఎవరూ ఉండరు. కారు పరీక్షకు ఇంతకంటే మంచి చోటు ఈ చుట్టుపక్కల దొరకదని కనిపెట్టింది రూప. ఆమెది సూర్యాపేటే. తండ్రికి మార్కెట్ యార్డు దగ్గర చిన్న దుకాణం. పిల్లలందరిలోకీ బరువు తక్కువ కాబట్టి కారు నడిపేది ఆమే.

దారాల ఆలోచన కూడా ఆమెదే. బియ్యం సంచుల మూతి కుట్టే తెల్లదారం ఒక ఉండ తెచ్చి, బెత్తెడేసి ముక్కలు కోసి, ఒక్కో ముక్కను ఒక కొస దగ్గర మాత్రమే టేపుతో కారుకి అంటించింది. ముక్కు దగ్గర్నుంచి వెనక రేకు దాకా రెండు వందల పైచిలుకు ఉంటాయి. గాలి కళ్ళకు కనపడదు, దారం కనపడుతుంది, అంతే కదా సార్ అంది. పోయిన సంవత్సరం ఈ దారాల పద్ధతి గురించి బోర్డు మీద రాసి, పరీక్షలో వస్తుందని అండర్‌లైన్ చేయించింది శ్రీధరే.

వీరేందర్ అనే కుర్రవాడు మోటార్ సైకిల్ నడుపుతుంటే శ్రీధర్ వెనక కూర్చుని ఫోన్ పట్టుకున్నాడు. పక్కన రూప నలభై స్పీడు మీద కారు పోనిచ్చింది. శ్రీధర్ ముందుగా ముక్కు వైపు చూశాడు. దారాలన్నీ నూనె రాసి దువ్విన జుట్టులా వెనక్కి పడుకుని ఉన్నాయి. ఎడమ పక్కన తాను వేలు పెట్టి చూపించిన సొట్ట దగ్గరికి ఫోన్ తిప్పాడు. అక్కడా అంతే. సొట్ట మీది దారాలు, పక్కన నున్నటి రేకు మీది దారాలు ఒకే తీరుగా పడుకున్నాయి. గాలికి అక్కడ సొట్ట ఉన్నట్టే తెలియలేదు.

ఆ తర్వాత వీరేందర్ వేగం తగ్గించి బండిని కారు వెనక వైపుకి తెచ్చాడు. అక్కడ దారాలకు పిచ్చెత్తినట్టుంది. కొన్ని నిటారుగా లేచి నిలబడ్డాయి, కొన్ని గిరగిరా తిరుగుతున్నాయి, మధ్యలోవి కొన్నయితే కారు వెళ్ళే వైపుకే తిరిగి రేకుకి కొట్టుకుంటున్నాయి. శ్రీధర్ అది పూర్తిగా రికార్డు చేశాడు.

ఈ కారు ఆకారం గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. ముందు భాగాన్ని బాణం మొనలా పొడుగ్గా గీసిన శ్రీధర్, వెనక భాగాన్ని మాత్రం గోడలా నిలువుగా కోసేశాడు. ముందు గాలిని కత్తిలా కోస్తే చాలు, వెనక ఎట్లా ఉంటే ఏమిటన్నది ఆయన నమ్మకం. రోడ్డు మీద కార్లను చూసే మామూలు మనుషులందరికీ ఉండే నమ్మకమే. లెక్చరర్‌కి ఉండకూడదు. కారు ముందుకు పోతూ వెనక ఖాళీ చేసే చోటులోకి గాలి మెల్లగా వచ్చి చేరాలి. ఒక్కసారిగా గోడలా కోసేస్తే ఆ గాలి కారు ఒంటిని వదిలేసి సుడి తిరుగుతుంది. ఆ సుడి కారుని వెనక్కి పట్టుకుని లాగుతుంది. బ్యాటరీలో సగం శక్తి ఆ లాగుడుకే పోతుంది.

ఈ సంగతి బిక్షపతి మొదటి రోజే చెప్పాడు. ఆయన ముప్ఫై ఏళ్ళుగా మిర్యాలగూడ మిల్లుల్లో గాలి గొట్టాలు చేస్తున్నాడు. తవుడు, ఊక, దుమ్ము అన్నీ ఆ గొట్టాల్లో గాలితో పాటు కొట్టుకుపోవాలి. ఎక్కడైనా గాలి తిరగబడిందా, సరుకు అక్కడే పేరుకుపోయి మిల్లు ఆగిపోతుంది.

"సారూ, గాలికి ముందటికన్న ఎనుక ముఖ్యం," అన్నాడాయన ఆ రోజు. "గొట్టం ఒక్కపారే ఎడల్పు జేస్తె గాలి రేకును ఇడిసిపెట్టి గిర్రున తిరుగుతది. అడుగు పొడుగుకు రెండించులు, గంతే. కారు ఎనుక గూడ గట్లనే మెల్లమెల్లగ సన్నగ దించుకుంట పోవాలె." అని వర్క్‌షాప్ నేల మీద సుద్దముక్కతో కారు వెనక ఒక తోక గీశాడు. ఇది కారు బిక్షపతీ, మిల్లు గొట్టం కాదు అన్నాడు శ్రీధర్. పిల్లలు నవ్వారు. బిక్షపతి కూడా నవ్వేసి, కాలితో ఆ గీత చెరిపేశాడు.

ఇప్పుడు ఆ పిల్లలే వెంచర్ ఆర్చి నీడలో ఫోన్ చుట్టూ మూగి దారాల గెంతులు చూస్తున్నారు. కాసేపటికి నవ్వులు ఆగిపోయాయి. అందరికీ సుద్దగీత గుర్తొచ్చింది. బిక్షపతి తాత చెప్పింది ఇదే కదా అంది రూప. శ్రీధర్ కళ్ళు పెద్దవి చేసి, అవునే, ఇంత తేడా ఉంటుందని నేననుకోలేదు అన్నాడు. ఆశ్చర్యాన్ని చాలా బాగా నటించాడు. అట్లా నటిస్తున్న తన మొహం మీద తనకే అసహ్యం వేసింది.

ఎందుకంటే ఆయనకు తెలుసు. పాఠకులకు నేనింతవరకూ చెప్పని సంగతి ఇది, పోయిన వారమే చెప్పి ఉండాల్సింది. బిక్షపతి సుద్దగీత గీసిన వారం తర్వాత, స్టాఫ్ రూములో ఎవరూ లేనప్పుడు, శ్రీధర్ ల్యాప్‌టాప్‌లో రెండు ఆకారాలకూ లెక్క వేసి చూశాడు. తోక లేని కారు వెనక తెర మీద పెద్ద నీలం సుడి కనపడింది. బిక్షపతి చెప్పిన కొలతతో తోక తగిలిస్తే ఆ సుడి చాలా మట్టుకు మాయమైంది, గాలి లాగుడు సగానికి తగ్గింది. అప్పటికే రేకులన్నీ బిగించేశారు. మార్చాలంటే మిల్లు గొట్టాల మనిషి చెప్పిందే నిజమని పిల్లల ముందు ఒప్పుకోవాలి. శ్రీధర్ ల్యాప్‌టాప్ మూసేసి టీ తాగడానికి వెళ్ళాడు. కాబట్టి ఆ రోజు మామ ముందు సొట్ట మీద వేలు పెట్టినప్పుడు ఆయన పొరపాటు పడలేదు. అబద్ధమాడాడు.

దారాలు ఊడబీకుతూ రూప ఇంకో మాట చెప్పింది. "సార్, తాతను మిల్లులల్ల పనికి పిలుస్తలేరంట. మీ మామయ్య అందరికీ చెప్పిండంట, ఆయన చెయ్యి పడిపోయిందని. మా నాన్నకు మార్కెట్ల తెలిసింది."

యాసంగి పంట వడ్లు వచ్చే ముందు ఈ నెల రోజులే గొట్టాల పని. ప్రతి మిల్లూ పాతవి విప్పి, బాగు చేయించి, కొత్తవి బిగించుకునేది ఇప్పుడే. బిక్షపతికి ఏడాది తిండి ఈ నెలలోనే ఉంది. ముప్ఫై ఏళ్ళు కష్టపడి తెచ్చుకున్న మంచిపేరును తాను ఒక్క వేలితో తుడిచేశానని శ్రీధర్‌కి అప్పుడు తెలిసొచ్చింది. తల కొట్టేసినట్టయింది. గరిడేపల్లి పోతున్నానని చెప్పి తన సొంత కారు తాళాలు తీశాడు. నేనూ వస్తానని రూప అడగకుండానే ఎక్కి కూర్చుంది. ఆమె రాకపోతే బాగుండుననుకున్నాడు, కానీ వద్దనడానికి మొహం చెల్లలేదు.

బిక్షపతి ఇల్లు గరిడేపల్లిలో వీధి చివర. బయట అరుగు మీద ఆయన భార్య కాటమ్మ మిరపకాయల తొడిమలు తీస్తోంది. శ్రీధర్‌ని చూసి లేచి నిలబడలేదు. సార్లొచ్చిన్రు అని లోపలికి కేకేసి మళ్ళీ మిరపకాయల మీదికి వంగింది. రూపకు మాత్రం పీట జరిపింది. పనిముట్ల సంచి గుమ్మం పక్కన మేకుకి అట్లాగే వేలాడుతోంది. దాని మూతి ముడి కూడా విప్పినట్టు లేదు.

బిక్షపతి బయటికొచ్చి, కూసోండ్రి సారూ అని తానే కుర్చీ వేశాడు. అరవై ఏళ్ళ మనిషి. ఆ మర్యాదే శ్రీధర్‌ని ఎక్కువ కోసింది. తిట్టి ఉంటే కొంచెం తేలిగ్గా ఉండేది. కుర్చీలో కూర్చోలేక నిలబడే తప్పయిపోయిందన్నాడు, రేకు పనిలో లోపం లేదన్నాడు, డిజైన్‌లోనే ఉందన్నాడు. ఇన్నాళ్ళూ నువ్వు అని పిలిచిన మనిషిని మీరు అంటున్నానని మధ్యలో గమనించి ఇంకా తడబడ్డాడు. ఏం చెయ్యాలో తోచక ఫోన్ తీసి వీడియో పెట్టాడు.

బిక్షపతి వద్దనుకుంటూనే చూశాడు. దారాలు లేచి తిరగడం దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్ళలోకి పనివాడి ఉత్సాహం వచ్చేసింది. ఫోన్ లాక్కుని మళ్ళీ వెనక్కి తిప్పమన్నాడు. ఈ ఉపాయం ఎవరిదని అడిగాడు. రూపదని తెలిసి, మంచిగ జేసినవ్ బిడ్డా అన్నాడు. ముప్ఫై ఏళ్ళ నుంచి గొట్టాల లోపల ఏం జరుగుతుందో చెవితో విని చెప్పడమే గానీ ఇట్లా కళ్ళతో చూడటం ఇదే మొదటిసారట. ఒక్క నిమిషం పాటు అక్కడ ఎవరికీ కోపం లేదు. తర్వాత ఫోన్ తిరిగిచ్చేసరికి ఆయన మొహం మళ్ళీ మామూలుగా అయిపోయింది.

శ్రీధర్ అసలు విషయం మెల్లగా ఎత్తాడు. పోటీకి పన్నెండు రోజులే ఉన్నాయి, తోక పెట్టాలి, ఆ పని మీరు తప్ప ఇంకెవరూ చెయ్యలేరు అన్నాడు. మామతో కూడా నేను మాట్లాడతాను, ఫోన్‌లో చెప్పేస్తాను అన్నాడు.

కాటమ్మ తల ఎత్తకుండానే మాట్లాడింది. "ఎనిమిది దినాల సంది మనిషి ముద్ద మింగుతలేడు సారూ. పండిన చెయ్యిని పడిపోయిందంటే ఎట్లుంటదో మీకేమెరుక."

బిక్షపతి ఆమెను ఊరుకోమని చెయ్యి చూపించాడు. "నలుగుర్ల అన్న మాట సారూ. నా ఇంటి కాడ నాతోని ఒక్కనితోని వాపస్ తీస్కుంటె ఎట్ల? నలుగుర్లనే అనుండ్రి. రాంచందర్ సేటు ముంగట, నేను నిలబడి ఉండంగ."

శ్రీధర్ నీళ్ళు నమిలాడు. మామ ఆదివారం ఇంట్లో ఉంటాడేమో, పూజలో ఉంటాడేమో అన్నాడు. సీజన్ ముందు సేటు ఆదివారం కూడా మిల్లు విడిచిపోడని బిక్షపతి చెప్పాడు. రూప పీట మీంచి లేచి చెప్పులు వేసుకుంది.

బిక్షపతిని కూడా కారులో ఎక్కించుకుని మిర్యాలగూడ బయల్దేరారు. దారి పొడుగునా శ్రీధర్ ఏమనాలో లోపల పదిసార్లు చెప్పుకుని చూసుకున్నాడు. ప్రతిసారీ చివర్లో ఒక చిన్న సందు వదులుకుంటున్నాడు. ఆ రోజు నాకు తెలియలేదు, ఇవాళ దారాలు చూశాక తెలిసింది అన్న సందు. అందులోంచి దూరి బయటపడిపోవచ్చు. తెలియక చేసిన తప్పుకి ఎవరైనా ఏం చేస్తారు?

మిల్లు ఆవరణలో ఉన్నది మామ ఒక్కడే కాదు. చింత లేకుండా ఆదివారం పూట ముచ్చట పెట్టుకోవడానికి వచ్చిన ఇంకో ముగ్గురు మిల్లర్లు రేకుల షెడ్డు కింద కుర్చీల్లో ఉన్నారు. శ్రీధర్‌ని చూడగానే రాంచందర్ మొహం వెలిగిపోయింది. గేటు దగ్గర ఆగిపోయిన బిక్షపతి ఆయన కంట పడలేదు.

"రా రా అల్లుడా. ఇగో, మా అక్క కొడుకు, కాలేజీల సారు," అని మిగతా ముగ్గురికీ చూపించాడు. "ఈయన చెప్పబట్టే మనం బిక్షపతి సంగతి ముందుగాల పసిగట్టినం. లేకుంటె సీజన్ల గొట్టాలు పగిలి ఆగమైతుంటిమి. చెప్పు శ్రీధర్, ఆ సొట్టల కథ వీళ్ళకు కూడా చెప్పు."

ముగ్గురూ ఆసక్తిగా ఆయన వైపు తిరిగారు. తన మాట ఇన్ని కుర్చీల దాకా పాకిందని, ఇన్నాళ్ళూ అది తన గొప్పతనంగా చలామణీ అవుతోందని అప్పుడు శ్రీధర్‌కి అర్థమైంది. ఒళ్ళంతా సిగ్గుతో మండింది. ఇంకో నిమిషం ఆగితే మాట్లాడలేనని తెలిసి, పద్ధతీ పాడూ లేకుండా మొదలుపెట్టాడు.

సొట్టల వల్ల ఏమీ కాలేదన్నాడు. కారు వెనక భాగం తాను తప్పుగా గీశానన్నాడు. బిక్షపతి మొదట్లోనే సరిగ్గా చెబితే తానే వినలేదన్నాడు. ఆయన పనికి వంక పెట్టడానికి లేదు, ఆయన చెయ్యి పడిపోలేదు, ఆ మాట అన్నందుకు నాకు సిగ్గుగా ఉంది అన్నాడు. ఫోన్ తీసి ముందు సొట్ట మీది దారాలు, తర్వాత వెనక దారాలు చూపించాడు. ముగ్గురు మిల్లర్లకూ గాలి సంగతి బాగా తెలుసు కాబట్టి వివరించే పని లేకపోయింది. వాళ్ళలో పెద్దాయన, వెనక గిట్లెట్ల కోసినవ్ నాయినా అని మెల్లగా అడిగాడు.

రాంచందర్ గేటు దగ్గర బిక్షపతిని చూసి గబగబా వెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. పొరపాటు ఎవరికైనా అవుతుంది, మావాడు చిన్నవాడు, ఏదో తెలియక అన్నాడు, మనసులో పెట్టుకోకు, మళ్ళీ పనిలోకి రా అన్నాడు. మిగతా ముగ్గురూ మా మిల్లులకూ రమ్మన్నారు. టీ చెప్పారు. అంతా సర్దుకుపోయినట్టే ఉంది. శ్రీధర్ ఊపిరి పీల్చుకున్నాడు. ఆ సందు ఆయన వెతక్కుండానే మామ తెరిచి పెట్టాడు.

బిక్షపతి టీ గ్లాసు అందుకుని తాగకుండా కింద పెట్టాడు.

"పనికి వస్త సేటూ. అది వేరే. సారు కారు తోక కూడ జెయ్యమన్నరు. జేస్తనా లేదా చెప్పేముంగట ఒక్కటి అడగాలె." శ్రీధర్ వైపు తిరిగాడు. "సొట్ట మీద ఏలు పెట్టిన నాడు, తప్పు ఎక్కడున్నదో మీకు ఎరుకనా, ఎరుకలేదా?"

అడిగిన గొంతులో కోపం లేదు. ఎరుకలేదు అంటే చాలు, క్షమించడానికి ఆ మనిషి సిద్ధంగా ఉన్నాడు. మామ అప్పుడే తల ఊపుతున్నాడు, ఎట్ల ఎరుకుంటదయ్యా అంటూ. రూప మాత్రం శ్రీధర్ మొహంలోకే చూస్తోంది. ల్యాప్‌టాప్ సంగతి ఆమెకు తెలియదు, ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. ఒక్క మాట చెబితే అది ఎప్పటికీ ఎవరికీ తెలియకుండా పోతుంది.

"ఎరుకే," అన్నాడు శ్రీధర్. "మీ లెక్కే కరెక్ట్ అని నాకు అంతకుముందే తెలుసు. తెలిసే అన్నాను."

రాంచందర్ తల ఊపడం ఆపేశాడు. రూప చూపు తిప్పేసుకుంది. క్లాసులో ఆయన చెప్పిన ప్రతి మాటనూ నోట్సులో రాసుకున్న పిల్ల అది. శ్రీధర్‌కి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

బిక్షపతి టీ గ్లాసు తీసి, చల్లారిన టీ మొత్తం తాగి, తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు.

"అయితె తోకకు నేను సుత్తి ముట్టను సారూ. మీరే కొట్టాలె. పొద్దుగాల ఏడింటికి వర్క్‌షాప్‌ల పిల్లలందర్ని నిలబెట్టుండ్రి. నేను పక్కన కూసోని సూస్త. మీ చేతుల్తోని ఎన్ని సొట్టలు పడతయో వాళ్ళు లెక్కబెడ్తరు."